ఆటలో అరటిపండు

“వాడి మాటకేముంది, ఆటలో అరటిపండు” అని మనం తేలిగ్గా అనేస్తాం. కమిటీలో పేరుండి మాట చెల్లనివాడిని, వేదిక మీద కుర్చీ ఉండి మైకు అందనివాడిని ఎత్తిపొడవడానికి ఈ జాతీయాన్ని వాడుతున్నాం. పిల్లల నోట ఇది ఎత్తిపొడుపు కాదు. మూడేళ్ళ చెల్లెల్ని చంకనేసుకుని ఆటకు వచ్చిన ఆడపిల్ల సంగతి ఆలోచించండి. తల్లి కూలికి పోయింది. చెల్లెల్ని చూసుకోవాలి, ఆటా ఆడాలి. చిన్నదాన్ని గట్టున కూర్చోబెడితే ఏడుస్తుంది. ఆటలో చేర్చుకుంటే ప్రతిసారీ అదే దొరికిపోతుంది, ఆట చెడుతుంది. పిల్లలు ఈ చిక్కును ఒక్క నియమంతో విప్పారు. చిన్నది ఆటలో ఉంటుంది, అందరితోపాటు పరుగెత్తుతుంది, దాక్కుంటుంది, దొరికినా దొంగ కాదు. అది అరటిపండు. ఈ నియమాన్ని ఏ పండితుడూ రాయలేదు, ఏ డ్రిల్లు మాస్టారూ నేర్పలేదు. అవసరం లోంచి పిల్లలే పుట్టించుకున్న శిల్పమిది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల కోసం పెద్దలు తయారుచేసే ఆటల్లో పిల్లలందరూ అరటిపళ్ళే. గెంతుతారు, పరుగెత్తుతారు, చప్పట్లు కొడతారు. ఆట ఎలా ఉండాలన్న విషయంలో మాత్రం వాళ్ళ మాట లెక్కలోకి రాదు. పెద్దల నీతిని పిల్లల గొంతులో పోయడం బాలసాహిత్యం కాదని మనం ఎన్నో సభల్లో విమర్శించాం. ఆటల దగ్గరికి వచ్చేసరికి ఆ విమర్శ మనకు గుర్తుకు రాదు. ఆటను మనం ఒక రచనగా గుర్తించకపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం.

నా తప్పుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట ఆరో తరగతి పిల్లలకు వత్తులు పట్టుబడడం లేదని బడి ఆవరణలో సున్నంతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క హల్లు రాశాను. బిళ్ళ పడిన గడిలోని హల్లుకు వత్తు చేర్చి, అది వచ్చే మాట ఒకటి చెప్పి కుంటాలి. చెప్పలేకపోతే అవుట్. పీరియడు నడిచినంతసేపూ పిల్లలు బుద్ధిగా ఆడారు. చూసిన తోటి ఉపాధ్యాయులు మెచ్చుకున్నారు కూడా. గంట కొట్టగానే ఒక పిల్ల కాలితో అక్షరాలు చెరిపేసి, గళ్ళు మాత్రం ఉంచి, అసలు తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టింది. పోనీ, గీసిన గీతలైనా పనికొచ్చాయనుకున్నాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే తెలిసింది: నేను చేసిన దానిలో ఏది ఆటో ఏది పాఠమో ఆ పిల్ల ఒక్క కాలి విసురుతో వేరుచేసి చూపింది. నా రాతల మీద అంత సూటి సమీక్ష నేను చదవలేదు.

తప్పు ఎక్కడుంది? తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం కష్టం, గీత మీద పడకుండా బిళ్ళ వేయడం కష్టం. ఇవి ఆట లోపలి కష్టాలు. పైగా ఒక పిల్ల గడి గెలిచి ‘ఇల్లు’ చేసుకుంటే తక్కినవాళ్ళు ఆ ఇంటి మీదుగా గెంతాలి. ఒకరి గెలుపు మరొకరి దారిని మార్చేస్తుంది. పిల్లకూ పిల్లకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ ఉంది. నా వత్తుల్లో అది లేదు. ఒక పిల్ల చెప్పిన మాట వల్ల మరో పిల్ల ఆట వీసమెత్తు మారదు. ప్రతి పిల్లా విడివిడిగా నాకు జవాబు చెప్పుకుంటోంది. ఆరుబయట, ఒంటికాలి మీద నిలబెట్టి పెట్టిన పరీక్ష అది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదని చెప్పుకోవడానికి ఒక మంచి పుస్తకం ఉంది. గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్ళలో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ను మన ఉపాధ్యాయుల్లో చాలామంది చదివారు. కథ చెప్పే ఉపాధ్యాయుడు కొత్త పద్ధతుల మీద ఎంతో నమ్మకంతో, నోటు పుస్తకంలో పథకం రాసుకుని మరీ తరగతిలోకి వస్తాడు. మొదటి రోజు పిల్లలతో మాంటిసోరీ పద్ధతిలో మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు గోలతో ఆ ఆటను చిత్తుచేస్తారు. ఆయన ఆరోజు పిల్లల్ని ఇంటికి పంపేసి, మర్నాడు కథతో మళ్ళీ మొదలుపెడతాడు. ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవారు కథల మహిమ గురించి చెబుతారు గాని, ఆ మొదటి రోజు ఓటమి గురించి అంతగా మాట్లాడరు. నా దృష్టిలో పుస్తకానికి బలం ఆ ఓటమిలో ఉంది. పిల్లలు అక్కడ ఒక రచనను తిరస్కరించారు. రచయిత ఆ తిరస్కారాన్ని దాచకుండా మొదటి పుటల్లోనే పెట్టాడు. మన బాలసాహిత్య రచయితల్లో ఆపాటి నిజాయితీ చూపినవారు ఎంతమంది?

పిల్లలు నియమాలను ఎలా చూస్తారన్న విషయంలో పియాజే 1932లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ పనికొస్తుంది. స్విట్జర్లాండులో గోళీలాడే పిల్లల దగ్గర కూర్చుని, ఈ నియమాలు ఎవరు పెట్టారు, మార్చవచ్చా అని ఆయన అడిగాడు. చిన్నపిల్లలకు నియమం తాతముత్తాతల నాటిది, దైవదత్తం, మార్చరానిది. చిత్రమేమిటంటే అంత పవిత్రంగా చూసే పిల్లలే ఆడేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడతారు. పదీ పదకొండేళ్ళు దాటిన పిల్లలకు అందరూ ఒప్పుకుంటే నియమం మార్చవచ్చునని తెలుసు, అప్పటినుంచే వాళ్ళు నియమాన్ని నిజంగా పాటిస్తారు. తాను తయారీలో పాలుపంచుకున్న చట్టాన్నే మనిషి మనసారా గౌరవిస్తాడన్నమాట. అయితే ఇదే పుస్తకంలో పియాజే ఆడపిల్లల ఆటలను పైపైన చూసి, వాళ్ళలో ఈ న్యాయదృష్టి తక్కువని తేల్చేశాడు. కరోల్ గిలిగన్ 1982లో ఈ ధోరణిని గట్టిగానే నిలదీసింది. అరటిపండు నియమం ఒక్కటి చాలు పియాజేకు జవాబు చెప్పడానికి. చంటిపిల్లను ఏడిపించకుండా ఆటను నిలబెట్టడం ఎంత న్యాయదృష్టో గోళీల లెక్కతో కొలిచేవాడికి కనపడదు.

పిల్లల ఆటలను రచనలుగా చూసి, వాటికి పాఠపరిష్కర్తల్లా పనిచేసినవారు ఇంగ్లండులో అయోనా, పీటర్ ఓపీ దంపతులు. వాళ్ళు 1959లో బడిపిల్లల మాటల గురించి, 1969లో వీధుల్లో, బడి ఆవరణల్లో పిల్లలు ఆడే ఆటల గురించి రెండు పెద్ద పుస్తకాలు ప్రచురించారు. వేలాది పిల్లల నుంచి, ఉపాధ్యాయుల సాయంతో సమాచారం సేకరించారు. ఆట మధ్యలో “ఆగు, నన్ను పట్టుకోకు” అని చెప్పడానికి ఏ ప్రాంతపు పిల్లలు ఏ మాట వాడతారో పటం గీసి మరీ చూపించారు. మాండలికాల పటం గీసినంత శ్రద్ధగా! మన పిల్లలకు అలాంటి మాట లేదా? ‘టైం ప్లీజ్’ ఉంది. అంతకన్నా గొప్పది ‘తూచ్’ ఉంది. జరిగిపోయిన దాన్ని జరగలేదని ప్రకటించే శక్తి ఉన్న క్రియ మన భాషలో మరొకటి చూపించండి. ఎం.ఏ.లో నేను ధాతువులు చదివాను, ప్రత్యయాలు చదివాను. తూచ్‌ను ఏ వ్యాకరణంలోనూ చదవలేదు.

ఇక దొంగ ఎవరో తేల్చే పంటల దగ్గరికి వద్దాం. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా వెల్లకిలానో బోర్లానో పెడతారు. ఇద్దరి చేతులకు భిన్నంగా పెట్టినవాడు పండి బయటపడతాడు. చివరికి ఇద్దరు మిగిలితే, ముందే పండినవాడొకడు తోడు చెయ్యి కలుపుతాడు. చూడడానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. మా బడిలో మాత్రం ఒక బక్కపలచని ఏడో తరగతి పిల్లవాడు వారం రోజులపాటు రోజూ దొంగ అయ్యాడు. వాడి రాత అలా ఉందనుకున్నాను. నాలుగు రోజులు వేపచెట్టు కింద కూర్చుని చూశాను. ఇద్దరు కుర్రాళ్ళు ముందుగానే మాట్లాడుకుని, నువ్వు బోర్లా పెట్టు, నేను వెల్లకిలా పెడతాను అనుకుని వస్తున్నారు. ఇద్దరూ ఎదురెదురు పెడితే మూడోవాడి చెయ్యి వాళ్ళలో ఎవరో ఒకరితో కలవక తప్పదు. వాడు భిన్నంగా మిగలడం ఎన్నటికీ జరగదు. చివర్లో తోడు చెయ్యి వేసేవాడు కూడా ఆ ఇద్దరిలో ఒకడే. ఎంత పకడ్బందీ ఏర్పాటు! చట్టం అక్షరాలా అమలైంది, న్యాయం మాత్రం ఒక్కసారీ జరగలేదు.

నేను జోక్యం చేసుకుని కుట్రదారులిద్దరినీ నిలబెట్టి ఉంటే ఏమయ్యేది? ఆరోజుకు ఆట సరిగ్గా జరిగేది, మర్నాడు కుట్ర మరో రూపం ఎత్తేది. ఒక్క పని చేశాను. ఆ బక్కపిల్లవాడిని పిలిచి, మూడు చేతుల లెక్క నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఏం చేయాలో చెప్పలేదు. రెండో రోజు వాడు పెట్టిన గొడవకు ఆట మొత్తం ఆగిపోయింది. గంటన్నర సేపు ఆట లేదు, వాదనే. కొందరు చేతులు వీపు వెనకనుంచి తీయాలన్నారు. ముందే కూడబలుక్కున్నవాళ్ళను అదేం ఆపుతుందని వాడు అడిగాడు. తోడు చెయ్యి ఎవరు వెయ్యాలో నేనే చెబుతానన్నాడు. అప్పుడు నువ్వు కుమ్మక్కవుతావని తక్కినవాళ్ళన్నారు. ఆ మాటా నిజమే. చివరికి గట్టున కూర్చుని చింతపిక్కలు ఏరుకుంటున్న ఒక పిల్ల, ఒకరి చెల్లెలు, అందరి కంటా పడింది. దానికి ఏ పక్షమూ లేదు, అది దొంగ కాదు, కాబోదు. పంటకు ఇద్దరే నిలబడాలి, మూడో చెయ్యి ఎప్పుడూ అరటిపండుదే అయి ఉండాలి అని తీర్మానించారు. లెక్కలో లేనిదే న్యాయమూర్తి అయింది. ఇంత చక్కని పరిష్కారం నాకు జన్మలో తోచేది కాదు.

ఈ ఉదాహరణ చెప్పి ఆగిపోతే పిల్లలను దేవుళ్ళను చేసినవాడినవుతాను. మన కవిత్వంలో ఆ జబ్బు ఇప్పటికే ముదిరింది. పిల్లలు కనిపెట్టేవన్నీ మంచివి కావు.

ఒక చలికాలం మా ఆవరణలో కొత్త ఆట కనిపించింది. అందరూ ఆడే అంటుకునే ఆటలో దొంగ చేత్తో ముట్టుకుంటే అవతలివాడు దొంగ అవుతాడు. ఇక్కడ ముట్టుకోనక్కరలేదు, నీడను తొక్కితే చాలు. పొద్దుటి ఎండలో పొడుగాటి నీడలు, వాటిని కాపాడుకోవడానికి పిల్లలు వంగడం, చతికిలబడడం, గోడ నీడలోకి దూకి తమ నీడను దాచుకోవడం. చూసి మురిసిపోయాను. దీని మీద ఒక కవిత కూడా రాయబోయాను. వారం తర్వాత గమనించాను, ఈ మార్పు కొన్ని ఆటల్లోనే వస్తోంది. వాడ పిల్లవాడొకడు దొంగ అయితే ఎవరో ఒకరు “నీడాట, నీడాట” అని అరుస్తారు. తక్కినవాళ్ళు దొంగ అయితే చేతి ఆటే. ‘అంటు’ అనే మాటకు మన భాషలో ఉన్న రెండర్థాలూ అక్కడ ఒక్కసారే ఆడుతున్నాయి. పట్టుకునే ఆటల్లో స్పర్శకు ఏదో సోకుడు గుణం ఉంటుందని ఓపీలు ఇంగ్లండు పిల్లల విషయంలోనే గుర్తించారు. మన దగ్గర ఆ సోకుడు ఊహ కాదు, చరిత్ర. నీడ పడినా మైల అన్న కాలం ఈ నేల మీదే నడిచింది. పిల్లలకు ఆ చరిత్ర ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు. అయినా అది ఇళ్ళలోంచి నడిచివచ్చి వాళ్ళ నియమంలో కూర్చుంది.

నీడాటను నిషేధించి ఉపన్యాసం ఇవ్వవచ్చు. ఇలాంటి సందర్భాల్లో మనం రాసే కథల్లో ఉపాధ్యాయుడు చేసేది అదే, పిల్లలు తలలు వంచుకుని మారిపోతారు. నాకు ఆ నమ్మకం లేదు. నా చిన్నప్పటి గొలుసాటను వాళ్ళ ముందు పెట్టాను. దొంగకు దొరికినవాడు దొంగ చెయ్యి పట్టుకుంటాడు, తర్వాత దొరికినవాడు వాడి చెయ్యి పట్టుకుంటాడు. గొలుసు తెగితే పట్టుకున్నది చెల్లదు. చేతులు కలపకుండా ఈ ఆట లేదు. పిల్లలు ఒప్పుకున్నారు గాని, నేను పెట్టిన నియమంలోనూ సందు వెతికారు. ఆ వాడ పిల్లవాడిని ఎప్పుడూ చివరన నిలబెట్టారు, ఒక చెయ్యి మాత్రమే మరొకరి చేతిలో ఉండేలాగ. అక్కడే ఆట వాళ్ళను మోసం చేసింది. గొలుసులో ఖాళీ చెయ్యి ఉండేది చివరివాళ్ళకే. పట్టుకోగలిగేది వాళ్ళే. మూడు రోజుల్లో ఆవరణలోకెల్లా గొప్ప వేటగాడు వాడేనని తేలింది. ఆ చివరి స్థానం కోసం తక్కినవాళ్ళు పోట్లాడుకోవడం మొదలైంది, వాడిని మధ్యలోకి నెట్టాలని, అంటే రెండు చేతులూ పట్టుకోవాలని! వాళ్ళ మనసులు మారాయని నేనను. కాని వస్తువును మార్చే పని ఒక్కోసారి రూపమే చేస్తుందని మనం సాహిత్యంలో ఏళ్ళ తరబడి వాదించుకున్న మాటకు నాకు అక్కడ కొంత రుజువు దొరికింది.

ఆటను కాగితం మీద పెట్టినప్పుడు జరిగేది వేరు. సంకలనాల్లో ‘ఆటగాళ్ళ సంఖ్య, కావలసిన వస్తువులు, ఆడు విధానం’ అని అచ్చువేస్తారు. పక్క ఊళ్ళో ఆ విధానం వేరు. బిళ్ళంగోడు, గూటీబిళ్ళ, చిర్రగోనె అన్న మూడు పేర్లకూ మూడు రకాల కొలతలు, మూడు రకాల తగాదాలు ఉంటాయి. సంకలనకర్త ఒకదాన్ని ఎంచుకోగానే తక్కినవి తప్పులైపోతాయి. తాళపత్ర ప్రతుల్లో పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో ఇచ్చే మనం పిల్లల పాఠాంతరాలను ఎందుకు చెరిపేస్తున్నాం? 2022లో కేంద్ర విద్యాశాఖ 75 భారతీయ ఆటలను బడుల్లోకి తెస్తామని ప్రకటించింది. ఆటలు బడిలోకి వస్తే నాకు సంతోషమే. అవి నియమావళితో సహా పైనుంచి దిగితే, ఊళ్ళో పిల్లలు ఆడేది ఆ ఆటకు అపభ్రంశం అవుతుంది. చెడుగుడు విషయంలో ఇది జరిగిపోయింది. కబడ్డీ అంతర్జాతీయ క్రీడ అయింది, పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అయింది, 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో కూతకు 30 సెకన్ల గడియారం వచ్చింది. ఊపిరి కొలిచిన చోట గడియారం కొలుస్తోంది. ఆటగాళ్ళకు బతుకుతెరువు దొరికింది, దాన్ని తక్కువ చేయను. కాని నియమం మార్చే హక్కు బరిలో ఉన్నవాళ్ళ చేతుల్లోంచి పోయిందన్నది కూడా వాస్తవం.

అయితే పెద్దలు చేయదగిందేమీ లేదా? ఉంది. పని పూర్తిచేయకుండా వదిలిపెట్టగల ధైర్యం ఉన్న పెద్దలు కొందరు లేకపోలేదు. నాజీల ఆక్రమణలో ఉన్న డెన్మార్కులో 1943లో, కోపెన్‌హేగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో, ఉద్యానశిల్పి సోరెన్‌సెన్ ఆలోచన మేరకు ఒక ఆటస్థలం తెరిచారు. అందులో ఉయ్యాల లేదు, జారుడుబల్ల లేదు. పాత చెక్కలు, ఇటుకలు, పనిముట్లు ఇచ్చారు. పిల్లలే కట్టుకున్నారు, పడగొట్టుకున్నారు. వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఖాళీ మూలల్లో ఏడు వందలకు పైగా ఆటస్థలాలు రూపొందించాడు. ఇసుక తొట్టె, గెంతడానికి రాతి దిమ్మెలు, వంచిన ఇనప కమ్మీలు, అంతే. ఏనుగు బొమ్మ పెడితే అది ఏనుగే. రాతి దిమ్మె పిల్లల ఇష్టాన్నిబట్టి ఇల్లూ అవుతుంది, ఓడా అవుతుంది, కొట్టూ అవుతుంది. మన పార్కుల్లో రంగు వేసిన ఫైబరు జిరాఫీని చూసినప్పుడల్లా నాకు విశేషణాలు కిక్కిరిసిన గేయం గుర్తొస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెబుతోంది. మా బడికి ఉంది. కొలతల్లో చిన్నదే గాని వేపచెట్టు ఉంది, కూలిన ప్రహరీ రాళ్ళున్నాయి. ఆ రాళ్ళను ఎత్తించి చదును చేయించాలని ప్రతిపాదన వచ్చినప్పుడు వద్దని వాదించి నెగ్గాను. ఆ రాళ్ళ మీదే నేల–బండ ఆట నడుస్తుంది. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలు ఆ రాళ్ళ మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు గాని ఆటలోకి దిగరు. దీనికి నా దగ్గర ఇంకా ఏ గొలుసాటా లేదు. ఒకరిద్దరిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు గురించి రాయవలసినవాళ్ళు నాకన్నా మా సంఘంలోని రచయిత్రులు.

మొన్న మధ్యాహ్నం గంటలో పంటలు వేసేచోట మళ్ళీ గొడవ. చింతపిక్కల పిల్ల ఇప్పుడు మూడో తరగతి. మూడో చెయ్యి వెయ్యనని మొండికేసింది. తనూ లెక్కలోకి రావాలట, దొరికితే దొంగ కూడా అవుతుందట. అప్పుడు తోడు చెయ్యి ఎవరిదని పిల్లలు అడుగుతున్నారు. కొత్త అరటిపండును వెతుక్కోమంది. మాస్టారిని పెట్టుకుందామన్నాడొకడు. మాస్టారు మొగ్గు చూపుతారని ఇంకొకరు అడ్డుకున్నారు. గంట కొట్టేదాకా తేలలేదు.